కాలి కింది కుట్టు

పాత చీర పట్టీలతో గడప ముందుకు ఒక పట్టా అల్లుకోవడం చిన్న పనే. కానీ అందులోని ప్రతి కుట్టూ మనిషి చెయ్యి వేయాల్సిందే. చేతిపని అసలు ఖరీదు అక్కడ బోధపడుతుంది.

గాలి కాలుష్యంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విడుదల చేసిన నగరాల జాబితాలో మొదటి స్థానం కాన్పూర్‌ది. 2016 సంవత్సరానికి అక్కడ ఘనపు మీటరు గాలిలో సగటున 173 మైక్రోగ్రాముల సూక్ష్మధూళి ఉన్నట్టు తేలింది. ఒక్క మైక్రోగ్రాము తేడాతో ఫరీదాబాద్ రెండో స్థానంలో నిలిచింది. ఆరావళి కొండల్లో గనుల తవ్వకాన్ని సుప్రీంకోర్టు 2009లో నిలిపేసింది. నగరం పొలిమేరలోని బదర్‌పూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం 2018 అక్టోబరులో మూతపడింది. అయినా మే నెలలో ఆంధీ లేచిందంటే చాలు, కిటికీలన్నీ బిడాయించుకున్నా సాయంత్రానికి బల్లల మీద వేలితో పేరు రాసుకునేంత మన్ను పేరుకుంటుంది.

ఊపిరితిత్తుల్లోకి దూరే సూక్ష్మధూళిని ఆపడం గుమ్మం ముందు పరిచే గుడ్డముక్క తరం కాదు. కానీ చెప్పులకు, పాదాలకు అంటుకుని ఇంట్లోకి నడిచొచ్చే ముతక దుమ్ము సంగతి వేరు. దాన్ని గడప దగ్గరే నిలేసేది హిందీలో పాయ్‌దాన్, తెలుగిళ్లలో కాళ్లపట్టా, దుకాణాల్లో డోర్‌మ్యాట్. ఇంట్లో అందరికంటే ఎక్కువ తొక్కుడుపడేది, అందరికంటే తక్కువ ఆలోచించి కొనేది కూడా అదే.

ఇక్కడి బజార్లలో రెండు రకాలు ప్రధానంగా దొరుకుతాయి. ఒకటి కొబ్బరిపీచు పట్టా. బయటి గుమ్మానికి అంత మంచిది మరొకటి లేదు. బూట్ల అడుగున అంటిన మట్టిని గీకి పారేస్తుంది. కానీ దాన్ని ఉతకడం కష్టం. బాగా తడిస్తే ఒక పట్టాన ఆరదు, ఆరకపోతే బూజు పడుతుంది. రెండోది అడుగున రబ్బరు పూత వేసిన మెత్తటి పట్టా. ఢిల్లీకి 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న పానిపట్ నగరం ఇలాంటి పట్టాలకు, తివాచీలకు, పాత బట్టల నుంచి తీసిన నూలుకు పెట్టింది పేరు. ధర తక్కువ, రంగులు బోలెడు. అయితే వేడి నీళ్లు, గట్టి ఎండ ఈ రబ్బరుకు పడవు. కొన్ని ఉతుకులకే పూత పగిలి పెచ్చులుగా రాలడం మొదలవుతుంది. ఆ తర్వాత పట్టా జారుతుంది, జారే పట్టా చెత్తబుట్టలోకి పోతుంది. కొత్తది వస్తుంది.

మూడో దారి ఒకటుంది. అది ఇంటి బీరువాలోనే మొదలవుతుంది. వెలిసిపోయిన నూలు చీర, మెడ సాగిన టీషర్టులు, చిరిగిన దుప్పటి. వాటిని పట్టీలుగా కత్తిరించి, లావుపాటి క్రోషియా సూదితో అల్లితే ఏళ్ల తరబడి ఉతుక్కోగలిగే పట్టా తయారవుతుంది. తెలుగువారికి ఇది వింత కాదు. పాత చీర ఉయ్యాలగా, బొంతగా, చివరికి మసిగుడ్డగా మారడం ఎరిగిన ఇళ్లే అన్నీ. గడప ముందు మడత పెట్టి వేసిన గోనెసంచి మీద కాళ్లు తుడుచుకున్న తరం ఇంకా ఉంది. ఉద్యోగాల కోసం ఢిల్లీ చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాలకు ఇక్కడ గోనెసంచి దొరక్కపోవచ్చేమో కానీ పాత బట్టలకు కొదవ లేదు. పైగా ఫరీదాబాద్ రెడీమేడ్ దుస్తుల ఎగుమతి కర్మాగారాలున్న నగరం. కత్తెర కింద మిగిలిపోయే పేలికలకు ఇక్కడ 'కత్రన్' అని పేరే ఉంది.

ఏ దారం, ఏ కుట్టు?

కాళ్లపట్టాకు అందం తర్వాతి మాట. అది నీటిని పీల్చాలి, మట్టిని పట్టాలి, జారకూడదు, తలుపుకు అడ్డం పడకూడదు, ఉతికితే ఆకారం చెడకూడదు. ఈ ఐదు పరీక్షలకూ నిలిచేది నూలు. అల్లికలకు విరివిగా దొరికే అక్రిలిక్ ఊలు రంగు పోదు, త్వరగా ఆరుతుంది. కానీ తడి పాదాన్ని తుడవదు, నున్నటి టైల్స్ మీద జారిపోతుంది. గొర్రె ఊలు వేడి నీటిలో, రాపిడిలో ముడుచుకుని గట్టిపడుతుంది. జనపనార చూడ్డానికి బాగుంటుంది, తడిలో కుళ్లుతుంది. ఇంటి లోపలి గుమ్మానికి, స్నానాల గది ముందుకు పాత నూలు బట్టను మించింది లేదు. వాన జల్లు పడే బయటి గుమ్మానికైతే నైలాన్ లేదా పాలీప్రొపిలీన్ తాడు మేలు. బకెట్ నీళ్లు గుమ్మరించి, దులిపి ఆరేస్తే సరి.

బట్టల్లోనూ తేడా ఉంది. టీషర్టు గుడ్డ అల్లిక గుడ్డ. పట్టీగా కోసి లాగితే అంచులు లోపలికి చుట్టుకుని గుండ్రటి తాడులా మారుతుంది. పోగులు రాలవు. చీర నేత గుడ్డ. లాగినా చుట్టుకోదు, అంచుల్లో పోగులు లేస్తాయి. అందుకే చీర పట్టీని కాస్త వెడల్పుగా కత్తిరించి, మడిచి అల్లాలి. అయిదున్నర మీటర్ల చీరను నిలువునా 4 సెంటీమీటర్ల పట్టీలుగా చీలిస్తే 28 దాకా వస్తాయి. అంటే 150 మీటర్లకు పైగా తాడు. ఒక మామూలు పట్టాకు ఆ పొడవు సరిపోతుంది. కాకపోతే ఒంటి చీరతో అల్లింది పల్చగా ఉంటుంది. రెండు చీరల పట్టీలు జోడించి అల్లితే పాదానికి మెత్తగా, నేలకు బరువుగా కుదురుతుంది. టీషర్టులైతే ఆరేడు కావాలి.

కుట్టు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. లేసులా ఖాళీలు వదిలిన అల్లిక బల్ల మీద బాగుంటుంది. కాలి కింద కాదు. ఆ ఖాళీల్లో మెట్టెలు చిక్కుకుంటాయి, పట్టీల మువ్వలు తగులుకుంటాయి, పిల్లల వేళ్లు దూరతాయి. దుమ్ము నేరుగా కింది టైల్ మీదికి దిగిపోతుంది. కాళ్లపట్టాకు తగినది పొట్టిదైన సింగిల్ క్రోషియా కుట్టు. గుడ్డ దట్టంగా వస్తుంది. కింది వరస కుట్టు తల మీద రెండు దారాలు కనబడతాయి. వాటిలో వెనక దారంలోంచి మాత్రమే సూది గుచ్చి అల్లితే వరస వరసకీ ఒక గట్టు లేస్తుంది. ఆ గట్లే పాదానికి అంటిన మట్టిని గీకి తీసేవి.

బాక్సు: అల్లేదెలా?

ముందుగా బట్టలన్నీ ఉతికి ఆరేయాలి. కుంచించుకుపోయేది ఏదైనా ఉంటే ఆ పని అల్లకముందే అయిపోవాలి. రంగు దిగే బట్టను విడిగా నానబెట్టి చూడాలి. నీళ్లు తేటగా రాకపోతే దాన్ని లేత రంగుల పక్కన చేర్చకూడదు.

టీషర్టుకు చంకల కింది భాగాన్ని మాత్రమే తీసుకుని రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున, జిలేబీ చుట్టలా తెగకుండా కత్తిరించాలి. ఒక్కో చొక్కా నుంచి సుమారు 20 మీటర్లు వస్తుంది. పట్టీలను ముడి వేసి కలపకూడదు. ముడి అరికాలికి గుచ్చుకుంటుంది. రెండు పట్టీల కొసల్లోనూ చిన్న గంటు పెట్టి, ఒకదాని గంటులోంచి రెండోదాన్ని దూర్చి, దాని రెండో కొసను దాని గంటులోంచే లాగితే చదునైన అతుకు పడుతుంది.

సూది 8 నుంచి 10 మిల్లీమీటర్ల లావుది కావాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు పట్టాకు 48 గొలుసు కుట్లు, తిరగడానికి అదనంగా ఒకటి వేసి మొదలుపెట్టాలి. ఆ మీదట 36 వరసలు. ప్రతి వరస చివరా కుట్లు లెక్కపెట్టుకోవాలి. 48 తగ్గితే పట్టా ఒక పక్కకు సన్నబడుతున్నట్టు.

గుండ్రటి పట్టాకు సూత్రం ఆరు. మొదటి చుట్టులో ఆరు కుట్లు, రెండో చుట్టులో 12, మూడో చుట్టులో 18. ఇలా చుట్టుకు ఆరు చొప్పున పెంచుతూ పోతే చదునుగా పరుచుకుంటుంది. తక్కువ పెంచితే గిన్నెలా లేస్తుంది, ఎక్కువ పెంచితే గౌను కుచ్చిళ్లలా అలలు పడుతుంది. అర మీటరు పట్టాకు సుమారు 22 చుట్లు పడతాయి. చివరి చుట్టులో 132 కుట్లు ఉంటాయి.

మొదలుపెట్టే ముందు తలుపు కింది ఖాళీని కొలుచుకోవాలి. తలుపు లోపలికి తెరుచుకునే ఇంట్లో ఈ మాట మరిచిపోతే పట్టా ఎంత బాగా కుదిరినా పనికిరాదు.

ఉతుకు పరీక్ష

అడుగున రబ్బరు అంటించకపోవడమే ఈ పట్టాకు ఆయుష్షు. జారకుండా ఉండాలంటే తివాచీల కింద వేసే గరుకు వలను కొలతకు కత్తిరించి విడిగా పరవాలి. ఉతికేటప్పుడు పట్టా ఒక్కటే నీళ్లలోకి వెళుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ వల తప్పనిసరి. లేచిన అంచు, జారే పట్టా పడిపోవడానికి దారి తీస్తాయి. అంచు లేస్తున్నదంటే చివరి వరస మరీ బిగుతుగా వేశారని అర్థం. విప్పి వదులుగా వేసుకోవడం పది నిమిషాల పని. ఈ వెసులుబాటు కొన్న పట్టాకు లేదు.

ఫరీదాబాద్‌లో బోరు నీళ్లు కఠిన జలం. అందులోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిస్తే నురగ రాదు సరికదా, తెల్లటి తెట్టు కట్టి దారాల మధ్య పేరుకుంటుంది. నాలుగు ఉతుకులకు పట్టా అట్టలా బిగుసుకుంటుంది. అందుకే సబ్బు బిళ్ల కంటే డిటర్జెంట్ మేలు. నీళ్లలో వేయకముందే ఆరుబయట బాగా దులపాలి. పొడి మట్టిలో సగం అక్కడే పోతుంది. తడి నూలు తన బరువుకు రెండింతల నీటిని మోస్తుంది. ఒక్క పట్టానే వాషింగ్ మెషీన్‌లో వేస్తే తిరిగేటప్పుడు బరువంతా ఒక పక్కకు చేరి యంత్రం దడదడలాడుతుంది. పాత దిండు గలీబుల్లో మూటగట్టి రెండేసి పట్టాలు వేస్తే ఆ బాధ ఉండదు. రాలిన పోగులు జల్లెడకు అడ్డం పడవు. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగిపోతుంది కాబట్టి పరిచి ఆరేయాలి.

మే, జూన్ వడగాలిలో మధ్యాహ్నానికే ఆరిపోతుంది. జూలై, ఆగస్టుల్లో రెండు రోజులైనా ఆరక ముక్క వాసన వేస్తుంది. అందుకే గుమ్మానికి రెండు పట్టాలు ఉండాలి. ఒకటి కాళ్ల కింద, ఒకటి ఎండలో.

యంత్రానికి లొంగని సూది

ఇంతవరకూ ఇది ఇంటి పొదుపు సంగతి. అసలు విశేషం అల్లికలోనే ఉంది. స్వెటర్ల అల్లికకు యంత్రం వచ్చింది, నేతకు వచ్చింది, కసీదాకూ వచ్చింది. క్రోషియాకు మాత్రం చేతిని పూర్తిగా పక్కకు నెట్టి కర్మాగారాల్లో నిలదొక్కుకున్న యంత్రం ఇప్పటికీ రాలేదు. ప్రతి కుట్టుకూ సూది కొస ఎక్కడో ఒకచోట గుడ్డలోకి దూరి, దారాన్ని పట్టుకుని, వెనక్కొచ్చి, మరో ఉచ్చులోంచి బయటపడాలి. దూరాల్సిన చోటు ప్రతిసారీ మారుతుంది. అది చూసుకునేది కన్ను, తెలుసుకునేది వేలు. దుకాణాల్లో యంత్రంపై చేసిన 'క్రోషియా' పేరుతో దొరికేది చాలావరకు ఆ రూపాన్ని అనుకరించిన మరో రకం అల్లిక.

అంటే నిజమైన క్రోషియా వస్తువు ఎక్కడ కనిపించినా, ఎంత చవగ్గా కనిపించినా, దాని వెనక ఒక మనిషి గంటలు ఉన్నట్టే. ఆ గంటలను లెక్కవేయడానికి కాళ్లపట్టా కంటే మంచి సాధనం లేదు. 48 కుట్లు, 36 వరసలు, మొత్తం 1,728 కుట్లు. చెయ్యి తిరిగినవారు కుట్టుకు 5 సెకన్లు తీసుకుంటారనుకుంటే దాదాపు రెండున్నర గంటలు. కొత్తవారికి దానికి రెట్టింపు. పట్టీలు కత్తిరించి అతకడానికి మరో గంటన్నర. ఎంత వేగంగా చేసినా ఒక పూట పని. గంటకు 50 రూపాయలే అనుకున్నా కూలి 200 రూపాయలు. బట్ట ఖరీదు సున్నా. రబ్బరు పట్టాతో పోటీకి నిలవాల్సిన ధర అది.

ఇదే కొలతలో సన్నటి లేసు దారంతో దట్టంగా అల్లాలంటే? సెంటీమీటరుకు నాలుగు కుట్లు, నాలుగు వరసల చొప్పున మొత్తం 38,400 కుట్లు. కుట్టుకు మూడే సెకన్లు పట్టినా 32 గంటలు. రోజుకు ఎనిమిది గంటల లెక్కన నాలుగు రోజులు. లేసులో ఖాళీలుంటాయి కాబట్టి కుట్లు సగానికి తగ్గాయనుకున్నా రెండు రోజుల పని. ఆ రెండు రోజులకు ఎంత ముట్టిందన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ఫరీదాబాద్ నుంచి గోదావరి తీరానికి వెళ్లాలి.

నరసాపురం లెక్క

తెలుగు నేలలో క్రోషియా అనగానే గుర్తొచ్చే పేరు నరసాపురం. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో. అంతకు మూడేళ్ల ముందే, 1844 ప్రాంతంలో, స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులనే మిషనరీలు ఇక్కడి మహిళలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. కొద్దికాలానికే ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంట కుళ్లి లక్షలమందికి ఆధారమైన తిండి మాయమైనప్పుడు అక్కడి కాన్వెంట్లు కూడా పేద ఆడపిల్లల చేతికి ఇదే సూదిని ఇచ్చాయి. ఒక సూది, ఒక దారపు ఉండ. పెట్టుబడి అక్కర్లేదు, మగ్గం అక్కర్లేదు, గుమ్మం దాటక్కర్లేదు. కరువు రోజుల్లో క్రోషియాకు బలం అదే. తర్వాతి కాలంలో దాని బలహీనత కూడా అదే అయింది.

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో మొదట క్రైస్తవం పుచ్చుకున్న పేద దళిత కుటుంబాల్లో వేళ్లూనిన ఈ పని క్రమంగా కాపు కుటుంబాలకు పాకింది. ఘోషా పాటించే ఇంటి ఆడవారికి పొలం పని నామోషీ. అరుగు మీద కూర్చుని అల్లే లేసు మర్యాదకు భంగం లేని పని. ఏజెంటు దారం తెచ్చి ఇస్తాడు, తయారైన లేసు తూకం వేసో, లెక్కపెట్టో తీసుకుపోతాడు. పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపి గుడ్డగా కూర్చే అతుకుపని మరొకరిది. అవి ఏ దేశంలో ఏ బల్ల మీదికి చేరతాయో, ఎంతకు అమ్ముడవుతాయో అల్లినవారికి తెలిసే వీల్లేదు.

ఈ తీరును ప్రపంచానికి చెప్పినవారు జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్. 1970ల చివర్లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసి ఆమె రాసిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' 1982లో లండన్‌లో వెలువడింది. మహిళా అధ్యయనాల్లో ఇప్పటికీ అది పాఠ్యగ్రంథమే. ఆమె చూపింది సూటైన సంగతి. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే మహిళకు ఆ రోజుల్లో దక్కేది రూపాయి లోపే. కారణం నైపుణ్యం లేకపోవడం కాదు. ఆమెను కార్మికురాలిగా ఎవరూ లెక్కించలేదు. వ్యాపారి దృష్టిలో, భర్త దృష్టిలో, తన దృష్టిలో కూడా ఆమె గృహిణి. ఖాళీ సమయంలో ఏదో అల్లుకుంటోంది. ఖాళీ సమయానికి కూలి ఏమిటి? వంట, పిల్లలు, పశువుల చాకిరీ అయ్యాక మిగిలే ఆ ఖాళీ, మీస్ లెక్కలో పూర్తి స్థాయి పనిదినం. మీస్ 2023లో కన్నుమూశారు.

ఆమె పుస్తకం తర్వాత చాలా మారింది. స్వయం సహాయక బృందాలు వచ్చాయి. నరసాపురం పక్కన సీతారామపురంలో లేస్ పార్కు వెలిసింది. మరోవైపు చైనా యంత్రపు లేసు చవగ్గా వచ్చిపడి విదేశీ ఆర్డర్లకు గండి కొట్టింది. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అప్పుడు వెలువడిన వివరాల ప్రకారం ఉభయ గోదావరి ప్రాంతంలోని 19 మండలాల్లో 15 వేల మందికి పైగా మహిళలు ఈ పనిలో ఉన్నారు. ఇతర ప్రాంతాల సరుకును నరసాపురం పేరుతో అమ్మకుండా ఈ గుర్తింపు అడ్డుకోగలదు. కుట్టుకు ఎంత కూలి ఇవ్వాలన్నది మాత్రం అది చెప్పదు.

సూరజ్‌కుండ్ బేరం

నరసాపురం సూదికీ ఫరీదాబాద్ గడపకీ మధ్య దారి ఒకటుంది. పదో శతాబ్దంలో తోమర్ రాజు సూరజ్‌పాల్ తవ్వించాడని చెప్పే మెట్ల కొలను సూరజ్‌కుండ్ ఈ నగరంలోనే ఉంది. దాని పక్కన 1987 నుంచి ప్రతి ఫిబ్రవరిలో హస్తకళల మేళా జరుగుతోంది. కోవిడ్ వల్ల 2021లో ఆగింది. 2013లో అంతర్జాతీయ మేళాగా మారింది. ఏటా ఒక రాష్ట్రాన్ని ప్రధాన ఆకర్షణగా నిలిపే ఆనవాయితీలో 2007లో, 2011లో ఆంధ్రప్రదేశ్‌కు, 2016లో తెలంగాణకు ఆ గౌరవం దక్కింది. తయారుచేసిన చెయ్యీ కొనే చెయ్యీ మధ్యవర్తి లేకుండా ఎదురుపడే అరుదైన చోట్లలో ఇదొకటి. పానిపట్ పట్టాలను, యంత్రపు లేసునూ చూసి అలవాటైన కళ్లు ఆ ధరలతోనే చేతి అల్లికకు కూడా బేరం కట్టడం ఇక్కడ మామూలు దృశ్యం.

ఫరీదాబాద్‌కు హస్తకళలతో ఇంకా పాత చుట్టరికమే ఉంది. దేశ విభజన తర్వాత వాయవ్య సరిహద్దు రాష్ట్రంలోని బన్నూ, డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతాల నుంచి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకుల కోసం 1949-50 కాలంలో ఇక్కడ కొత్త పట్టణం కట్టారు. ఇప్పుడు ఎన్ఐటీ అని పిలిచే ప్రాంతం అదే. దాన వస్తువుల కోసం వరసలో నిలబడటానికి బదులు కాందిశీకులే తమ ఇళ్లు తామే కట్టుకుని కూలి తీసుకోవాలని పట్టుబట్టిన వారిలో ముఖ్యురాలు, ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ స్థాపించిన కమలాదేవి చట్టోపాధ్యాయ. ఆమె సహచరుడు ఎల్.సి. జైన్ ఆ అనుభవాన్నే 'ద సిటీ ఆఫ్ హోప్' పేరుతో 1998లో గ్రంథస్తం చేశారు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలికి సారథ్యం వహించింది కూడా కమలాదేవే. చేతిపని దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు, బతుకుతెరువు అన్నది ఆమె జీవితకాలపు వాదన. ఆ వాదనకు తొలి పరీక్షలు జరిగిన చోట్లలో ఫరీదాబాద్ ఒకటి.

ఆ పరీక్ష ఇప్పుడు అపార్ట్‌మెంట్ బాల్కనీలో, ఒక పాత చీర ముందు మళ్లీ మొదలవుతుంది. కాళ్లపట్టా అల్లుకోవడంలో మిగిలే డబ్బు స్వల్పం. బజారులో అంతకన్నా చవకైనది ఎప్పుడూ ఉంటుంది. అల్లి అమ్మితే ఆదాయం వస్తుందని ఆశపెట్టే ప్రకటనలను కూడా పైన చెప్పిన లెక్కతో సరిచూసుకోవడం మంచిది. పూటంతా కూర్చుని అల్లిన పట్టాకు వంద రూపాయలే చేతికొస్తే గంటకు దాదాపు పాతికే గిట్టుబాటైనట్టు. ఇంటి పని నడుమ, ఖాళీ సమయంలో చేసిందే కదా అని సరిపెట్టుకుంటే నరసాపురం అరుగు మీది లెక్కే ఫరీదాబాద్ బాల్కనీలోకి వచ్చినట్టు.

సొంత గుమ్మానికి అల్లుకునే పట్టాతో లాభం మరో రకంగా ఉంటుంది. అది పాడైతే ఎక్కడ విప్పాలో తెలుసు. చిరిగిన చోట మరో పట్టీ చేర్చి అల్లుకోవచ్చు. పాత చీర మరో అయిదేళ్లు ఇంట్లోనే పడి ఉంటుంది, చెత్తకుప్ప మీద కాదు. అన్నిటికీ మించి, ఇరవయ్యో వరస దగ్గర నడుము పట్టేసి, బొటనవేలు నొప్పెట్టి, కుట్లు 48కి బదులు 47 వచ్చాయని గ్రహించి వరసంతా విప్పి మళ్లీ వేసినప్పుడు తెలిసే సంగతి ఒకటుంది. అది ఏ పుస్తకంలో చదివినా అంతగా అంటదు.

వచ్చే ఫిబ్రవరిలో సూరజ్‌కుండ్‌లో నరసాపురం లేసు గుడ్డ ఏదైనా చేతిలోకి తీసుకున్నప్పుడు, ఆ పట్టా అల్లినవారి కళ్లు ముందు ధర చీటీ మీద పడవు. కుట్లు లెక్కపెట్టడం మొదలుపెడతాయి. ఆ తర్వాత బేరమాడటం కాస్త కష్టమే.